పడగొట్టి చూశావా?

"క్లస్టర్ రెడీ సార్" అన్నాడు మా ఆఫీసు కుర్రాడు. నేను కిందికి దిగి ఒక చాయ్ తాగి పైకి వచ్చేసరికి రెడీ అయిపోయిందట. రెండు సర్వర్లు, రెండిటికీ కలిపి ఒకే డిస్కుల పెట్టె, ఆ డిస్కుల మీద ఆఫీసంతా వాడుకునే ఫైల్ షేరు. ఒక సర్వరు కన్ను మూస్తే రెండోది ఆ షేరును అందుకుని నడిపించాలి. ఫెయిలోవర్ క్లస్టర్ అంటే స్థూలంగా ఇదే. వాడు పవర్‌షెల్‌లో తనిఖీకి ఒక కమాండు కొట్టాడు, క్లస్టర్ కట్టడానికి ఒకటి, ఫైల్ సర్వర్ రోల్ ఇవ్వడానికి ఒకటి, షేరు తెరవడానికి ఇంకొకటి. అవి కూడా వాడి సొంత కమాండ్లు కావు, ఎక్కడి నుంచో తెచ్చి అతికించినవి.

"బాగుంది. పడగొట్టి చూశావా?" అన్నాను.

"దేనికి సార్? వ్యాలిడేషన్ రిపోర్టులో అన్నీ గ్రీనే కదా!"

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఈ కాలం పిల్లలకు కట్టడం వచ్చు, కాదనను. మాకంటే వేగంగా కడతారు. ఎందుకోసం కట్టారో అది జరుగుతుందా లేదా అని చూసే ఓపిక మాత్రం ఉండదు. మొదటి సర్వరు ఏదో ఒక రోజు పడిపోతుందనే కదా అంత డబ్బు పోసి రెండోది కొన్నది? మొదటిదాన్ని ఒక్కసారైనా పడనివ్వకుండానే, రెండోది అందుకుంటుందని కాగితం మీద రాసి సంతకం పెట్టేస్తారు.

మా రోజుల్లో ఇలా సంతకం పెట్టేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. కట్టడంలోనే తలప్రాణం తోకకు వచ్చేది, కాబట్టి ఏ ముడి ఎక్కడ వదులుగా ఉందో చేతులకు తెలిసిపోయేది.

మైక్రోసాఫ్ట్ వాడు ఈ క్లస్టర్‌ను మొదటిసారి 1997లో విండోస్ ఎన్‌టీ 4.0 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో ఇచ్చాడు. లోపలి పేరు వుల్ఫ్‌ప్యాక్. తోడేళ్ల మంద అని పేరు పెట్టి రెండిటితో సరిపెట్టాడు, మూడో సర్వరుకు చోటే లేదు. అప్పుడు మా పైన వ్యాక్స్ యంత్రాల మీద జుట్టు నెరిసిన సీనియర్లు ఉండేవారు. డెక్ కంపెనీ 1983లోనే వ్యాక్స్‌క్లస్టర్ తెచ్చిందనీ, అందులో అనేక యంత్రాలు ఒకే డిస్కు మీది ఫైళ్లను ఒకేసారి చదివి రాసేవనీ, ఎవరు ఏ ఫైలు పట్టుకున్నారో లెక్క చూడడానికి లాక్ మేనేజరు ఉండేదనీ మాకు రోజూ దండకం చదివేవారు. "మీదీ ఒక క్లస్టరేనటయ్యా! ఆ డిస్కు ఒకడు వాడుతుంటే రెండోవాడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలిగా" అని ఎగతాళి. సణుగుడు నాతో మొదలైంది కాదు, నాకు వారసత్వంగా వచ్చిందేనని ఒప్పుకోవాలి.

వాళ్లన్నదాంట్లో అబద్ధం లేదు. ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ తనొక్కడికే డిస్కు సొంతమనుకుని బతుకుతుంది. అడ్డుగా క్లస్టర్ సర్వీసు లేకుండా రెండు సర్వర్లు ఒకే డిస్కును తెరిచి రాశాయంటే, ఒకే కుండలో ఇద్దరు కోడళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు ఉప్పు వేసినట్టే. అందుకే మేం సెటప్ చేసేటప్పుడు రెండో సర్వరును ఆపేసి, మొదటిదాని మీదే డిస్కులు ఫార్మాట్ చేసి, డ్రైవ్ లెటర్లు గట్టిగా కేటాయించి, క్లస్టర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాకే రెండోదాన్ని లేపేవాళ్లం. రెండిటి మీదా అవే అక్షరాలు. క్లస్టర్ తన లెక్కలు రాసుకునే కోరమ్ డిస్కుకు క్యూ డ్రైవ్ అని పెట్టడం అందరికీ అలవాటు. ఏ ఊళ్లో ఏ క్లస్టర్ చూసినా క్యూ కనబడితే దాని జోలికి పోకూడదని తెలిసేది.

ఇక కేబుళ్ల సంగతి. ఇప్పటి వాళ్లకు స్కజీ అంటే ఐస్కజీలో తోకగానే తెలుసు. అసలు స్కజీ అంటే వేలంత లావు కేబులు, 68 పిన్నుల కనెక్టరు, అందులో ఒక్క పిన్ను వంగినా ఆ పూటకు అంతే. ఒకే తీగ మీద రెండు సర్వర్ల కార్డులూ, డిస్కులూ అన్నీ కూర్చోవాలి, ప్రతిదానికీ వేరే నంబరు ఉండాలి. కార్డులు ఫ్యాక్టరీ నుంచే 7 అనే నంబరుతో వస్తాయి, ఎందుకంటే ఆ తీగ మీద ప్రాధాన్యం ఎక్కువ దానికే. రెండు సర్వర్లకూ అదే నంబరు ఉంటే ఆ తీగ మీద ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందుకని రెండోదాని కార్డు బయోస్‌లోకి వెళ్లి 6 చేయాలి. బూటయ్యేటప్పుడు తీగంతా రీసెట్ చేసే అలవాటును కూడా అక్కడే మాన్పించాలి. తీగకు రెండు కొసల్లోనే టెర్మినేటర్లు ఉండాలి, మధ్యలో ఉండకూడదు. కార్డు లోపలి టెర్మినేటర్ తీసేసి, బయట వై కేబుల్‌కు పెట్టాలి. లేకపోతే రిపేరుకని ఒక సర్వరు ఊడదీయగానే కొస తెగి, బతికున్న సర్వరుకు కూడా డిస్కులు మాయమవుతాయి. పడిపోతే ఆదుకోవాలని కట్టినది, ఒకదాన్ని విప్పితే రెండూ పడిపోయే స్థితికి వచ్చేది. ఆ వై కేబుల్ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ బజారంతా తిరిగితే, ఒక షాపువాడు ప్రింటర్ కేబుల్ తీసి చేతిలో పెట్టి "ఇదే సార్, సేమ్" అన్నాడు.

ఇంత చేస్తే దక్కేదెంత? తొమ్మిది జీబీ డిస్కులు ఓ అరడజను. ఇప్పుడు మా ఆఫీసు షేరులో ఎవరిదో పెళ్లి వీడియో ఒక్కటే అంతకంటే ఎక్కువ చోటు తింటోంది. దాని కథ తర్వాత చెబుతాను.

సాఫ్ట్‌వేర్ వైపు కూడా తేలిక కాదు. క్లస్టర్ అడ్మినిస్ట్రేటర్ అనే టూలులో ఒక గ్రూపు తయారు చేసి, అందులో డిస్కు, ఐపీ అడ్రసు, నెట్‌వర్క్ పేరు, ఫైల్ షేరు ఒక్కొక్కటే పెట్టి, ఏది దేని మీద ఆధారపడుతుందో చెప్పాలి. ఐపీ లేవనిదే పేరు లేవకూడదు, పేరూ డిస్కూ రెండూ లేవనిదే షేరు లేవకూడదు. ఈ వరస తప్పితే ఫెయిలోవర్ సమయంలో షేరు ముందు లేచి, డిస్కు కనబడక బోర్లా పడేది. ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డరు మీద రైట్ క్లిక్ కొట్టి షేర్ చేస్తే అది ఆ ఒక్క సర్వరుకే పరిమితమయ్యేది, రెండోదానికి వెళ్లేది కాదు. అన్నీ సవ్యంగా చేసి, ఫోల్డరు పర్మిషన్లు మాత్రం మొదటి సర్వరులోని లోకల్ గ్రూపుకు ఇచ్చినవాళ్లు కొల్లలు. రెండో సర్వరుకు ఆ గ్రూపెవరో తెలియదు కాబట్టి షేరు లేస్తుంది, తలుపు మాత్రం ఎవరికీ తెరుచుకోదు. పర్మిషన్లు డొమైన్ గ్రూపులకే ఇవ్వాలి. మా కుర్రాడి క్లస్టర్‌లో మొన్న చూశాను. ఈ రోజుల్లో కూడా ఒక ఫోల్డరుకు లోకల్ గ్రూపే! వ్యాలిడేషన్ రిపోర్టు దీన్ని పట్టుకోదు. అందులో అన్నీ గ్రీనే మరి.

అప్పట్లో క్లస్టర్ సర్వీసు ఒక డొమైన్ యూజర్ అకౌంటుతో నడిచేది. సెక్యూరిటీ పేరుతో ఎవరో దాని పాస్‌వర్డ్ మారిస్తే అప్పటికేమీ కాదు. ఏ అర్ధరాత్రో రీబూట్ చేసినప్పుడు సర్వీసు లేవనంటుంది. 2008లో మైక్రోసాఫ్ట్ వాడు ఆ బెడద తీసేసి, క్లస్టర్ పేరుతో యాక్టివ్ డైరెక్టరీలో ఒక కంప్యూటర్ అకౌంటు పెట్టించాడు. మంచిదే. ఇప్పుడు ఏం జరుగుతుందంటే, డైరెక్టరీ శుభ్రం చేసేవాళ్లకు ఆ అకౌంటు ఎప్పుడూ ఎవరూ లాగిన్ కాని పాత కంప్యూటర్‌లా కనబడుతుంది, దాన్ని పీకేస్తారు. మా కుర్రాడి చాయ్ టైం క్లస్టర్‌కు ముందు, ఆ అకౌంటుకు కంప్యూటర్ ఆబ్జెక్టులు సృష్టించే పర్మిషన్ ఇప్పించడానికి టికెట్ పెట్టి రోజుల తరబడి ఎదురుచూశాం. ఆ రోజులు వాడి లెక్కలోకి రావు, నేను చాయ్ తాగిన టైమొక్కటే వస్తుంది.

మేం పడగొట్టడం గురించి చెప్పాలి. అన్నీ కట్టాక మేనేజరు ముందరే నడుస్తున్న సర్వరు కరెంటు ప్లగ్గు పీకేవాళ్లం. మెనూలో మూవ్ గ్రూప్ అని మర్యాదగా పంపించడం కాదు. మర్యాదగా పంపిస్తే పాతది డిస్కును చక్కగా సర్దిపెట్టి అప్పజెబుతుంది, అందులో పరీక్షేముంది? చచ్చిపోయిన సర్వరు ఎవరికీ ఏదీ అప్పజెప్పదు. బతికున్నది ముందు తీగ రీసెట్ చేసి, కొన్ని సెకన్లు ఆగి, పాత యజమాని మళ్లీ పట్టు బిగిస్తుందేమో చూసి, లేదనుకున్నాకే డిస్కును తీసుకునేది. ఆ కొన్ని సెకన్లూ గదిలో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. డిస్కు మురికిగా ఉందని అనుమానం వస్తే చెక్‌డిస్క్ మొదలయ్యేది, అదెప్పుడు అయిపోతుందో దేవుడికెరుక. ఈలోగా అకౌంట్స్ వాళ్ల ఎక్సెల్ "నెట్‌వర్క్ పాత్ దొరకలేదు" అని మొహం మీదే చెప్పేది. తెరిచిన ఫైళ్లన్నీ ఊడిపోయేవి. తిట్లు తినేవాళ్లం. కరెంటు ప్లగ్గు అయ్యాక నెట్‌వర్క్ కేబుల్, తర్వాత సర్వర్లు ఒకదాన్నొకటి పలకరించుకునే హార్ట్‌బీట్ క్రాస్ కేబుల్, ఆఖర్న డిస్కు కేబుల్, ఒక్కొక్కటీ పీకి ఏం జరిగిందో కాగితం మీద రాసుకునేవాళ్లం. ఆ రోజుల్లో కరెంటు కోతలు ఉండనే ఉన్నాయి కాబట్టి, మేం పీకకపోయినా కరెంటువాళ్లు వారానికోసారి పరీక్ష పెట్టేవాళ్లు.

ఇప్పటి వాటిలో బాగున్నవి బాగున్నాయనే అంటాను, నాకేమీ పక్షపాతం లేదు. 2008లో పాత స్కజీ తీగను పూర్తిగా వదిలేశారు, నేను సంతోషంగా సాగనంపాను. వ్యాలిడేషన్ విజార్డు వచ్చింది. అంతకుముందు మొత్తం సెట్టు, అంటే సర్వరు, కార్డు, డిస్కుల పెట్టె అన్నీ కలిపి మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంటేనే సపోర్టు. కార్డు మోడల్ ఒక్క అంకె తేడా వచ్చినా ఫోన్ పెట్టేసేవాళ్లు. 2012లో, నెట్‌వర్క్ మీద ఫైళ్లు అందించే ఎస్ఎంబీ పద్ధతికి 3.0 వెర్షన్ వచ్చాక సంగతే మారింది. సర్వరు పడిపోయినా క్లయింటు చేతిలో తెరిచిన ఫైలు ఊడదు. కొత్త సర్వరు పాత హ్యాండిళ్లను గుర్తుపడుతుంది, విట్‌నెస్ సర్వీసు క్లయింటుకు ఇటు రమ్మని కబురు పెడుతుంది. చెక్‌డిస్క్ కూడా ముందే తప్పులు గుర్తుపెట్టుకుని సెకన్లలో సరిచేస్తుంది. ఇవి మా రోజుల్లో ఉంటే నా జుట్టు ఇంకొన్నాళ్లు నల్లగా ఉండేది.

అయితే సులువైపోయేసరికి ఏది ఎక్కడ పెట్టాలో ఆలోచించడం మానేశారు. ఫైల్ సర్వర్ రోల్ ఇచ్చేటప్పుడు మా కుర్రాడి ముందు రెండు ఆప్షన్లున్నాయి. ఒకటి మామూలు ఫైల్ సర్వరు, రెండోది స్కేల్-అవుట్ ఫైల్ సర్వరు. రెండోది పేరులోనే పెద్దగా ఉందని దాన్ని ఎంచుకున్నాడు. అందులో అన్ని నోడ్లూ, అంటే క్లస్టర్‌లోని సర్వర్లన్నీ, ఒకేసారి షేరు ఇస్తాయి, డిస్కులు సీ డ్రైవులో క్లస్టర్‌స్టోరేజ్ అనే ఫోల్డరు కింద అన్ని సర్వర్లకూ ఒకేలా కనబడతాయి. వర్చువల్ మెషీన్ల డిస్కులకూ డేటాబేసులకూ చక్కటి ఏర్పాటు. తెరిచింది తెరిచినట్టు గంటల తరబడి ఉండే పెద్ద ఫైళ్లకు అది సరిపోతుంది. మా అకౌంట్స్ మేడమ్ పని అలాంటిదా? పొద్దున్నుంచి సాయంత్రం వరకు వందల చిన్న ఎక్సెల్ ఫైళ్లు తెరవడం, మూయడం, పేరు మార్చడం. ఆ తెరవడం మూయడం లాంటి పనులన్నీ ఆ డిస్కుకు యజమానిగా ఉన్న ఒక్క నోడు దగ్గరికే వెళ్లాలి. దానికి తోడు, ఫైలు ఊడకూడదనే హామీ కోసం రాసిన ప్రతిదీ క్యాష్‌లో ఆగకుండా నేరుగా డిస్కు దాకా వెళ్లాలి. ఫలితం, పాత ఒంటరి సర్వరు మీద రెప్పపాటులో తెరుచుకునే ఫోల్డరు ఈ కొత్త క్లస్టర్ మీద ఆలోచించి ఆలోచించి తెరుచుకోవడం మొదలుపెట్టింది. మేడమ్ మా క్యూబికల్ దగ్గరికొచ్చి "డబ్బులెక్కువ పెట్టి నెమ్మదిగా ఉండేది కొన్నారా?" అంది. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు, వాడి దగ్గర అంతకన్నా లేదు. ఇలాంటి ఆఫీసు ఫైళ్లకు మామూలు ఫైల్ సర్వరే పెట్టుకోమని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు. చదవాలి కదా.

పెళ్లి వీడియో కథ కూడా ఇక్కడిదే. పాత సర్వరులో వీడియో ఫైళ్లు రానివ్వకుండా, ఒక్కొక్కరికి ఇంతేనని కోటా పెట్టి ఫైల్ సర్వర్ రిసోర్స్ మేనేజర్ కాపలా కాసేది. స్కేల్-అవుట్ రకానికి ఆ కాపలా పనికిరాదు. తలుపు తీసేసరికి జనం చేరారు, ఎవరి అన్నయ్య పెళ్లో, ఎవరి బాబు అన్నప్రాశనో, అన్నీ కంపెనీ ఖర్చుతో అత్యంత భద్రంగా.

ఇక సాక్షి గొడవ. రెండు నోడ్లున్న చోట ఒక్కోదానికి ఒక్కో ఓటు. మధ్యలో తీగ తెగితే రెండూ బతికే ఉండి, ఎదుటిది చచ్చిందని రెండూ అనుకుంటాయి. అందుకే మూడో ఓటుకు సాక్షి కావాలి. అది ఒక చిన్న డిస్కో, వేరే చోట ఒక షేరో, 2016 నుంచైతే క్లౌడ్‌లోనో ఉండవచ్చు. మా కుర్రాడు సాక్షి షేరును ఒక వర్చువల్ మెషీన్‌లో పెట్టాడు. ఆ మెషీన్ డిస్కు ఎక్కడుందని అడిగితే, కాసేపు వెతికి, "ఈ క్లస్టర్ మీదే సార్" అన్నాడు. రెండు నోడ్లూ కూడా వర్చువల్ మెషీన్లే. అవెక్కడున్నాయంటే రెండూ ఒకే హోస్టు మీద. ఆ హోస్టుకు రెండు పవర్ సప్లయ్‌లు ఉన్నాయని గర్వంగా చూపించాడు. ఆ రెండు వైర్లూ వెళ్లి ఒకే యూపీఎస్‌లో దూరాయి. వ్యాలిడేషన్‌కు ఇవేవీ కనబడవు. మా రోజుల్లో రెండు సర్వర్లంటే కళ్లకు రెండు ఇనుప పెట్టెలు కనబడేవి, ఒకదాని వైరు పట్టుకుంటే ఎక్కడికి వెళ్తుందో తెలిసేది.

హార్ట్‌బీట్ కూడా అంతే. నా కాలంలో రెండు సర్వర్ల మధ్య మీటరు పొడుగు క్రాస్ కేబులు, మూడోవాడి ప్రమేయం లేదు. ఇప్పుడది ఎవరో చూసే స్విచ్చుల మీదుగా తిరిగొస్తుంది. సెకనుకొకసారి పలకరింపు. పాత వెర్షన్లలో అయిదు పలకరింపులు తప్పితే ఎదుటివాడు పోయినట్టు లెక్క, 2016లో దాన్ని పదికి పెంచారు. రాత్రి బ్యాకప్ కోసం వర్చువల్ మెషీన్‌ను కాసేపు స్తంభింపజేస్తే ఆ పలకరింపులు ఆగిపోయి, బతికున్న సర్వరుకు మరణ ధ్రువీకరణ పత్రం వచ్చేస్తుంది.

బ్యాకప్ అన్నాను కాబట్టి చెప్పాలి. "క్లస్టర్ ఉంది కదా, టేపు ఖర్చెందుకు?" అని పై వాళ్లలో ఒకరు అడిగారు. సర్వర్లు రెండున్నా డేటా ఒక్కటే. ఒక నోడు మీద డిలీట్ చేస్తే రెండోది ఆ డిలీట్‌నే నమ్మకంగా అందుకుంటుంది. 2017 మే నెలలో వానాక్రై వచ్చి ఎస్ఎంబీ పాత వెర్షన్‌లోని లొసుగు పట్టుకుని ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలు వేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయని పేపర్లలో చదివాం. విరుగుడు ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకున్నవాళ్లు తక్కువ. అలాంటిది షేరులోకి దిగితే, క్లస్టర్ చేసేదల్లా తాళం పడిన ఫైళ్లను ఒక్క నిమిషం కూడా అంతరాయం లేకుండా అందించడం. మేం రోజూ సాయంత్రం టేపు తీసి, చీటీ అంటించి, వేరే బిల్డింగుకు పంపేవాళ్లం. తీసుకెళ్లే అటెండరు వర్షంలో టేపును చొక్కా లోపల పెట్టుకునేవాడు.

అప్పట్లో సర్వర్లు కళ్ల ముందే ఉండేవి కాబట్టి, దసరాకు ఆయుధపూజ రోజు వాటికి పసుపు కుంకుమ పెట్టి, రాక్‌కు బంతిపూల దండ వేసి, గుమ్మంలో గుమ్మడికాయ కొట్టేవాళ్లం. కుంకుమ ఫ్యాన్‌లోకి పోకుండా చూసుకోవడం జూనియర్ల డ్యూటీ. మొన్న దసరాకు మా టీం వాళ్లు మానిటర్‌కు బొట్టు పెట్టారు. అందులో తప్పేం లేదులెండి, వాళ్లకు తెలిసిన సర్వరు అదే.

చివరికి కుర్రాడు దారికొచ్చాడు. అకౌంట్స్ షేరును మామూలు ఫైల్ సర్వరుకు మార్చాడు, నోడ్లను రెండు హోస్టుల మీదికి విడదీశాడు, సాక్షిని బయట పెట్టాడు. మేడమ్ ఫోల్డర్లు మళ్లీ వెంటనే తెరుచుకుంటున్నాయి. ఇప్పుడామె ప్రింటరు గురించి ఫిర్యాదు చేస్తోంది. పెళ్లి వీడియోల వాళ్లు మాత్రం నాతో మాట్లాడటం మానేశారు. "సరే సార్, పడగొడదాం" అని కుర్రాడు కూడా ఉత్సాహపడ్డాడు. కానీ ఇది 1997 కాదు కదా, ఊరికే వెళ్లి ప్లగ్గు పీకడానికి! చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి, ముగ్గురు ఆమోదించాలి. మీటింగులో ఒకాయన "దీనివల్ల సర్వరు పడిపోయే ప్రమాదముందా?" అని అడిగాడు. పడిపోవాలనే పీకుతున్నామని చెప్పాను. ఆయన రిస్క్ కింద 'హై' అని టిక్ పెట్టాడు. రోల్‌బ్యాక్ ప్లాన్ అన్న గడిలో ఏం రాయాలని కుర్రాడు అడిగితే, "ప్లగ్గు మళ్లీ పెడతాం" అని రాయించాను. ఇంకొంచెం వివరంగా రాయమని ఫారం తిప్పి పంపారు.